పంచనామా ఎవరి సొత్తు? లింకన్ కౌంటీ కాగితాల కథ

(న్యూమెక్సికో తెలుగువాళ్ళ నెలవారీ కలయికలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడేటప్పుడు దొర్లిన పునరుక్తులు కొన్ని తీసేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాలకి ముందు మాట్లాడమన్నారు కాబట్టి నా కర్తవ్యం నాకు తెలుసు. పులిహోర చల్లారేలోపు ముగిస్తాను.

ముందే ఒక మాట. నేను చరిత్రకారిణిని కాను, లాయర్ని అసలే కాను. ఇక్కడ ఒక పల్లెటూరి బళ్ళో లెక్కలు చెబుతాను. ఈ విషయంలోకి నన్ను లాగింది ఒక దుప్పి. దుప్పంటే మన అడవుల్లో కనిపించే దుప్పి కాదు, ఇక్కడి ఎల్క్. గుర్రమంత ఉంటుంది. రెండేళ్ళ క్రితం అక్టోబరులో, పొద్దు గుంకే వేళ, రోడ్డుకి అడ్డంగా వచ్చి నా కారు ముందు నిలబడింది. దానికేం కాలేదు, విదిలించుకుని వెళ్ళిపోయింది. కారు మాత్రం మిగల్లేదు. ఇన్సూరెన్సు వాళ్ళు షెరీఫ్ రిపోర్టు కావాలన్నారు. సరే, తెచ్చుకుందాం, ఎంతసేపు అనుకున్నాను. ఏ కౌంటీయో చెప్పను, అక్కడి వాళ్ళతో నాకు ఇంకా పనుంది. (నవ్వులు) మొదటిసారి వెళితే ఆ పని చూసే ఆవిడ గురువారాలే వస్తుందన్నారు. గురువారం వెళితే ఆవిడ అద్దంలోంచి చూసి ముందు అడిగిన మాట: "ఎందుకు నీకు?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మా నాన్న గుడివాడ దగ్గర మా ఊళ్ళో ఏ ఆఫీసుకి వెళ్ళినా మొదట ఎదురయ్యేది అదే. కానీ ఈ రాష్ట్రంలో ఆ ప్రశ్న అడగకూడదని చట్టమే ఉందని తర్వాత తెలిసింది. అక్కడ పట్టుకున్న దారం లాగితే నూట నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళింది. ఆ దారం కొస లింకన్ కౌంటీలో ఉంది. అందుకే ఇవాళ దాని గురించి.

మీలో చాలామంది రుయిడోసో వెళ్ళే ఉంటారు, మంచు చూపించడానికి పిల్లల్ని తీసుకుని. అది లింకన్ కౌంటీయే. ఈ కౌంటీ ఎంతుంటుందంటే, మన పాత కృష్ణా జిల్లాకి ఒకటిన్నర రెట్లు దగ్గర. కృష్ణా జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 45 లక్షల మంది. ఇక్కడ 2020 లెక్కల్లో 20 వేల చిల్లర. అంటే మన దగ్గర ఒక పెద్ద మేజర్ పంచాయతీ జనాభాని కృష్ణా జిల్లా కన్నా పెద్ద నేల మీద చల్లినట్టు. 1869లో ఏర్పడింది. 1878 నాటికి దాని విస్తీర్ణం సుమారు 27 వేల చదరపు మైళ్ళు, అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద కౌంటీ. ఇవాళ్టి తెలంగాణలో సగానికి పైనే. అంత నేలకి ఒక షెరీఫ్.

ఆ షెరీఫ్ అనే పదవి మనవాళ్ళకి చప్పున అంతుపట్టదు. మన ఎస్పీ పరీక్ష రాసి వస్తాడు, బదిలీ మీద పోతాడు. షెరీఫ్‌ని ఓట్లేసి గెలిపించుకుంటారు. మన సర్పంచ్‌కి లాఠీ, తుపాకీ, జైలు తాళాలు ఇచ్చినట్టనుకోండి. అప్పట్లో పన్నుల వసూలు కూడా అతని చేతిలోనే ఉండేది. కాబట్టి షెరీఫ్ ఎవరి మనిషి అన్నదే ఊరి రాజకీయమంతా.

లింకన్‌లో షెరీఫ్ విలియం బ్రేడీ, మర్ఫీ-డోలన్ దుకాణం వైపు మనిషి. ఆ దుకాణాన్ని జనం 'ద హౌస్' అనేవాళ్ళు. అప్పులిచ్చేది వాళ్ళే, సరుకులమ్మేది వాళ్ళే, పక్కనే ఉన్న ఫోర్ట్ స్టాంటన్ సైనికులకి మాంసం సరఫరా చేసే కాంట్రాక్టులూ వాళ్ళవే. దానికి పోటీగా లండన్ నుంచి వచ్చిన జాన్ టన్‌స్టల్ అనే కుర్రాడు, అలెగ్జాండర్ మెక్‌స్వీన్ అనే లాయరు ఇంకో దుకాణం పెట్టారు. టన్‌స్టల్‌కి 24 ఏళ్ళు. ఊళ్ళో రెండో కిరాణా కొట్టు పెడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

గొడవ మొదలైంది తుపాకీతో కాదు, కాగితంతో. చచ్చిపోయిన ఒక 'హౌస్' భాగస్వామి పేరున్న 10,000 డాలర్ల ఇన్సూరెన్సు పాలసీ. (నవ్వులు) అవును, ఇన్సూరెన్సే. నా దుప్పి గుర్తొస్తుంది నాకు. ఆ డబ్బు మెక్‌స్వీన్ దగ్గర ఇరుక్కుందని అవతలివాళ్ళు కోర్టు నుంచి జప్తు ఉత్తర్వు తెచ్చారు. బ్రేడీ ఆ ఉత్తర్వు పట్టుకుని మెక్‌స్వీన్ ఆస్తితోపాటు టన్‌స్టల్ ఆస్తినీ జప్తు చేయబోయాడు, వాళ్ళిద్దరూ భాగస్తులంటూ. ఆ పని మీద పంపిన బలగంలోని మనుషులే 1878 ఫిబ్రవరి 18న టన్‌స్టల్‌ని దారిలో కాల్చేశారు.

ఇప్పుడు చూడండి తమాషా. టన్‌స్టల్ మనుషులు, అందులో తర్వాత సినిమాల్లో పేరుమోసిన బందిపోటు కుర్రాడు బిల్లీ ద కిడ్ ఒకడు, వెంటనే తుపాకులు పట్టుకుని పరిగెత్తలేదు. ఊళ్ళో చిన్న మేజిస్ట్రేటు లాంటి జస్టిస్ ఆఫ్ ద పీస్ దగ్గరికి వెళ్ళారు. ఆయన పేరు జాన్ విల్సన్. వాంగ్మూలాలిచ్చి వారెంట్లు తెచ్చుకున్నారు. కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని హంతకుల్ని అరెస్టు చేయడానికి 'హౌస్'కి వెళ్ళారు. వెళితే షెరీఫ్ బ్రేడీ వీళ్ళనే పట్టుకుని లోపలేశాడు. వారెంటు తెచ్చినవాడే జైల్లో! బిల్లీ టన్‌స్టల్ అంత్యక్రియలకి కూడా వెళ్ళలేకపోయాడు.

ఆ తర్వాత విల్సన్ ఇంకొకతన్ని ప్రత్యేక కానిస్టేబుల్‌గా నియమించాడు. ఆ గుంపే 'రెగ్యులేటర్లు'. వాళ్ళ చేతిలోనూ చట్టబద్ధమైన వారెంట్లున్నాయి. అంటే ఒకే కౌంటీలో చట్టం పేరుతో రెండు ముఠాలు, రెండింటి జేబుల్లోనూ ముద్ర వేసిన కాగితాలు. మార్చి 9న గవర్నర్ ఆక్స్‌టెల్ ఒక ప్రకటన చేశాడు, విల్సన్ నియామకమే చెల్లదని. అంతే, నిన్నటిదాకా పోలీసులైన వాళ్ళు తెల్లారేసరికి దొంగలైపోయారు. ఒక్క సంతకంతో. ఏప్రిల్ 1న అదే గుంపు పట్టపగలు లింకన్ వీధిలో షెరీఫ్ బ్రేడీని కాల్చి చంపింది. జూలైలో అయిదు రోజులు ఊరి నడుమ కాల్పులు, మెక్‌స్వీన్ ఇల్లు తగలబెట్టారు, అతన్నీ చంపారు.

సినిమాల్లో మీరు చూసేది ఈ చివరి అయిదు రోజులే. నాకు నచ్చేది మాత్రం ముందరి వారెంట్ల యుద్ధం.

సరే, ఇన్ని వివరాలు మనకెలా తెలుసు? ఇద్దరు మంచి సాక్షులు మిగిలితే గొప్ప అనుకునే చోట, ఎవరు ఏ రోజు ఏ వారెంటు పట్టుకున్నారో కూడా ఎలా తెలిసింది? టన్‌స్టల్ బ్రిటిష్ పౌరుడు కావడం వల్ల. బ్రిటిష్ రాయబారి వాషింగ్టన్‌లో గట్టిగా అడిగాడు. దాంతో ప్రభుత్వం ఫ్రాంక్ వార్నర్ ఏంజెల్ అనే లాయర్ని విచారణకి పంపింది. ఆయన 1878లో ఆ ప్రాంతమంతా తిరిగి ప్రమాణ వాంగ్మూలాలు రాయించుకున్నాడు. గొడ్ల కాపరులు, దుకాణదారులు, డిప్యూటీలు, ఇటువైపువాళ్ళు, అటువైపువాళ్ళు. బిల్లీ కూడా ఇచ్చాడు. ఆ నివేదిక తర్వాత గవర్నర్ ఆక్స్‌టెల్ పదవి ఊడింది. మరుసటి ఏడాది, ఆ అయిదు రోజుల కాల్పుల్లో సైనికాధికారి డడ్లీ ప్రవర్తన మీద ఫోర్ట్ స్టాంటన్‌లో విచారణ జరిగింది. అక్కడా బిల్లీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాడు. ఈ కాగితాలన్నీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎవరైనా అడిగి చూడొచ్చు.

ఒక విషయం గమనించండి. కౌంటీ గురించి మనకి తెలిసిందంతా కౌంటీ దాచినది కాదు. బయటివాడు వచ్చి రాసుకుని, బయట దాచినది. టన్‌స్టల్ లండన్‌లో పుట్టకుండా ఆ లోయలో గొర్రెలు కాసుకునే ఏ స్పానిష్ కుటుంబంలోనో పుట్టి ఉంటే? ఆ రోజుల్లో అక్కడ అలా చచ్చిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ గురించి రెండు లైన్లు దొరకడం కూడా కష్టం.

ఆక్స్‌టెల్ స్థానంలో వచ్చిన గవర్నర్ లూ వాలెస్. 'బెన్-హర్' నవల రాసినాయనే. 1879 మార్చి 17 రాత్రి లింకన్‌లో, ఆ విల్సన్ ఇంట్లోనే, బిల్లీతో రహస్యంగా కలిశాడు. నువ్వు ఒక హత్య కేసులో సాక్ష్యం చెప్పు, నిన్ను కేసుల్లోంచి తప్పిస్తానన్నది బేరం. బిల్లీ సాక్ష్యం చెప్పాడు. మాఫీ మాత్రం రాలేదు. 1881లో శాంటా ఫే జైల్లోంచి వాలెస్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. మీ మాట నిలబెట్టుకోండని. జవాబు లేదు. బ్రేడీ హత్య కేసులో ఉరిశిక్ష పడింది. ఇన్ని చావుల్లో, రెండు పక్షాల్లో కలిపి, ఆ గొడవల హత్యలకి శిక్ష పడింది ఇతనొక్కడికే అంటారు.

లింకన్ వెళితే ఆ పాత కోర్టు భవనం ఇంకా ఉంది. అది ఒకప్పటి 'హౌస్' దుకాణమే. తర్వాత కౌంటీ దాన్ని తీసుకుని కోర్టు చేసింది. అంటే గొడవ మొదలుపెట్టిన కొట్లోనే గొడవకి శిక్ష వేయాల్సిన కోర్టు! మేడ మీద బిల్లీని బంధించిన గది ఉంది. 1881 ఏప్రిల్ 28న కాపలా డిప్యూటీ బెల్‌ని మెట్ల దగ్గర కాల్చాడు. ఇంకో డిప్యూటీ ఓలింజర్ ఎదురుగా ఉన్న హోటల్లో మిగతా ఖైదీలకి అన్నం పెట్టిస్తున్నాడు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చాడు. మేడ మీది కిటికీలోంచి అతని తుపాకీతోనే అతన్ని కాల్చాడు బిల్లీ. షెరీఫ్ పాట్ గారెట్ ఆ రోజు ఊళ్ళో లేడు, వైట్ ఓక్స్ వెళ్ళాడు. మెట్ల కింద గోడలో ఒక రంధ్రం చూపిస్తారు, గుండు తగిలిన చోటని. నేను వేలు పెట్టి చూశాను. మా ఆయన ఫొటో తీశాడు. అది అసలుదా, ఎవరో మేకు కొట్టిందా అని అడిగితే అక్కడి గైడు నవ్వి ఊరుకున్నాడు.

జూలై 14 రాత్రి ఫోర్ట్ సమ్నర్‌లో, పీట్ మాక్స్‌వెల్ పడకగదిలో, చీకట్లో గారెట్ బిల్లీని కాల్చేశాడు. మర్నాడు శవపంచనామా. ఇక్కడ నేను కాస్త ఆగాలి, ఎందుకంటే నా ప్రసంగానికి మూలం ఈ పంచనామానే.

ఆ రిపోర్టు స్పానిష్‌లో ఉంది. మన పంచనామా లాంటిదే. ఊళ్ళోవాళ్ళని ఆరుగుర్ని పంచులుగా కూర్చోబెట్టారు. శవాన్ని చూశారు, మాక్స్‌వెల్‌ని అడిగారు, గుండు ఎక్కడ తగిలిందో రాశారు. చంపడం న్యాయమే, గారెట్‌కి ఊరంతా రుణపడి ఉందని చేర్చి సంతకాలు చేశారు. పోలీసు కాగితంలో పొగడ్త కూడా రాసేశారన్నమాట. గారెట్ శాంటా ఫే వెళ్ళి, గవర్నర్ ప్రకటించిన 500 డాలర్ల బహుమతి అడిగాడు. వెంటనే ఇవ్వలేదు. 1882 ఫిబ్రవరిలో శాసనసభ చట్టం చేస్తేగానీ ఆ డబ్బు రాలేదు. బిల్లు పాసవడానికి ఇన్ని తిప్పలు ఉంటాయని కాంట్రాక్టర్లు ఎవరైనా ఉంటే మీకు తెలుసు.

ఇంకో చిక్కు. ఫోర్ట్ సమ్నర్ అప్పుడు లింకన్ కౌంటీలో లేదు, శాన్ మిగుయెల్ కౌంటీలో ఉంది. ఇవాళ ఆ చోటు డి బాకా కౌంటీ, అది ఏర్పడిందే 1917లో. లింకన్ కౌంటీ కచేరీ కూడా ఆ పాత ఊళ్ళో లేదు. 1909లో ఓటేసి కారిజోజోకి మార్చాలన్నారు, లింకన్‌వాళ్ళు ఒప్పుకోక అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1913లో ఓడిపోయారు. మన దగ్గర కొత్త జిల్లాలొచ్చినప్పుడు జిల్లా కేంద్రం ఎక్కడని ఎంత రభస జరిగిందో గుర్తుందిగా? మనుషులు ఎక్కడైనా ఒకటే. అయితే హద్దులు, కచేరీలు ఇలా మారినప్పుడల్లా కాగితాల పెట్టెలు బండెక్కుతాయి. లింకన్ షెరీఫ్ చేసిన పనికి సాక్ష్యం లింకన్ కౌంటీలో వెతికితే దొరకదు.

కాగితం కంటికి కనపడకపోతే ఏమవుతుంది? చచ్చినవాడు బతుకుతాడు. టెక్సాస్‌లోని హైకోలో ఒక ముసలాయన, బ్రషీ బిల్ రాబర్ట్స్, నేనే బిల్లీని అన్నాడు. 1950లో న్యూమెక్సికో గవర్నర్ ముందుకి వచ్చి క్షమాభిక్ష అడిగాడు. గవర్నర్ నమ్మలేదు. ఆ ఏడాది చివరే ముసలాయన పోయాడు. అరిజోనాలో జాన్ మిల్లర్ అని ఇంకొకాయన, 1937లో పోయాడు, ఆయనే బిల్లీ అని కొందరి పట్టు. ఇలాంటి ఊళ్ళకి ఆ పేరుతో నాలుగు డబ్బులు వస్తాయి కాబట్టి ఎవరూ గట్టిగా కాదనరు.

2003లో ఇది మలుపు తిరిగింది. లింకన్ కౌంటీ షెరీఫ్, తన డిప్యూటీ ఒకరు, పక్కన డి బాకా కౌంటీ షెరీఫ్ కలిసి నిజంగానే కేసు తెరిచారు. 122 ఏళ్ళ తర్వాత. నంబరు కూడా ఉంది, 2003-274. గారెట్ ఇంకెవరినో చంపి బిల్లీ అని చెప్పాడేమో, అది హత్యేమో తేల్చాలని. అప్పటి గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్ వెనకున్నారు. టూరిజం పెరుగుతుందని ఆశ. నాకు తెలిసి ఒక షెరీఫ్ ఆఫీసు తన పాత షెరీఫ్ మీదే హత్యానుమానంతో ఫైలు తెరవడం ఎక్కడా లేదు.

సిల్వర్ సిటీలో ఉన్న బిల్లీ తల్లి సమాధి తవ్వుతామన్నారు, ఫోర్ట్ సమ్నర్‌లో బిల్లీ సమాధి తవ్వుతామన్నారు, డీఎన్ఏ పోల్చడానికి. ఊళ్ళవాళ్ళు అడ్డం పడ్డారు. తల్లి సమాధిని 1880లలో ఒకసారి చోటు మార్చారు, కింద ఎవరున్నారో ఖాయంగా చెప్పడమే కష్టం. ఆ రెండూ కుదరలేదు. బిల్లీ శవాన్ని పడుకోబెట్టారని చెప్పుకునే ఒక వడ్రంగి బల్ల మీంచి నమూనాలు తీశారు. 2005లో అరిజోనాలో జాన్ మిల్లర్‌ని తవ్వి తీశారు. ఎముకలు, నమూనాలు ల్యాబుకెళ్ళాయి. టీవీ కెమెరాలొచ్చాయి. ఆ తర్వాత చప్పుడు లేదు.

ఇక్కడే అసలు విషయం. ఒక రచయిత్రి లేచి అడిగింది. సరే, డీఎన్ఏ ఫలితాలేవి? చూపించండి. డి బాకా కౌంటీలో నడిచే ఒక చిన్న వారపత్రిక కూడా మొదట్లో ఆమెతో కలిసింది. వచ్చిన జవాబేమిటో తెలుసా? ఆ కాగితాలు షెరీఫ్ ఆఫీసువి కావు, అదంతా మా సొంత సరదా, సొంత డబ్బుతో చేసుకున్న పని, అవి మా ఇంట్లో కాగితాలు అని.

కేసు నంబరు షెరీఫ్ ఆఫీసుది. కోర్టుకి సమర్పించిన అర్జీలు షెరీఫ్ హోదాలో వేసినవి. గవర్నర్ మాట్లాడింది షెరీఫ్‌తో. ఫలితాల కాగితం మాత్రం సొంతం! మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసులో ఫైలు ఇంటికి తీసుకెళ్ళి, అది మా ఇంట్లో ఉంది కాబట్టి మాదే అన్నట్టు.

2007లో దావా పడింది. ఏళ్ళ తరబడి నడిచింది. ఒకరు నా దగ్గర లేదంటే ఇంకొకరి దగ్గర ఉందనడం, కొన్ని ఇవ్వడం, మళ్ళీ ఆగడం. కోర్టు చివరికి తేల్చినదేమిటంటే అవి ప్రజల రికార్డులే, చూపించాల్సిందే. బ్యాడ్జి పెట్టుకుని మొదలుపెట్టిన పని కాగితం, బ్యాడ్జి తీసి టేబుల్ మీద పెట్టగానే సొంతమైపోదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది నిజానికి ఈ ఒక్క మాటే, మిగతాదంతా దానికి తాలింపు.

ఇక ఆ డీఎన్ఏ సంగతంటారా, అందులో తేలేదేమీ ఉండదు. లెక్కల టీచర్ని కాబట్టి చెబుతున్నాను. పోలిక అంటే రెండు వైపులా ఏదో ఒకటి ఉండాలి. బల్ల మీద మరక ఎవరిదైనా కావచ్చు, పోల్చడానికి బిల్లీ డీఎన్ఏ ఎక్కడా లేదు. తెలియని రాశులు రెండు, ఇచ్చిన సమీకరణాలు సున్నా. ఆ దావా వేయకపోతే మాత్రం, ఏదో తేలింది కానీ దాచారనే పుకారు ఇంకో నూరేళ్ళు నడిచేది.

రిచర్డ్‌సన్ ఇంకో పని కూడా పెట్టుకున్నారు. వాలెస్ ఇస్తానన్న క్షమాభిక్షని తాను ఇవ్వాలా వద్దా అని. పదవిలో ఆఖరి రోజు, 2010 డిసెంబరు 31న, టీవీలో చెప్పారు, ఇవ్వను అని. ఆ ఉత్తరాలు లేకపోతే ఆ చర్చే పుట్టేది కాదు. ఇరవై ఏళ్ళు దాటిన ఒక కుర్రాడు జైల్లోంచి రాసిన చీటీల మీద 130 ఏళ్ళ తర్వాత గవర్నర్ తీర్పు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు మనకి పనికొచ్చే సంగతి చెబుతాను, ఇక్కడ ఉంటున్నాం కాబట్టి. ఈ రాష్ట్ర చట్టం పేరు ఇన్‌స్పెక్షన్ ఆఫ్ పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్, అందరూ ఇప్రా అంటారు. ఎవరైనా అడగొచ్చు, పౌరులే కానక్కర్లేదు, వీసా మీదున్నా సరే. ఎందుకో చెప్పమని అడగకూడదు. మూడు పనిదినాల్లో ఇవ్వకపోతే ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి, పదిహేను రోజుల్లో చూపించాలి. మామూలు సైజు కాగితానికి పేజీకి డాలరు మించి తీసుకోకూడదు. పోలీసు రికార్డుల్లో అన్నీ ఇవ్వరు. రహస్యంగా సమాచారమిచ్చినవాళ్ళు, అనుమానితులై ఇంకా కేసు పడనివాళ్ళు, కొన్ని తీవ్ర నేరాల్లో బాధితుల పేర్లు, ఇవి నల్లగీత కొట్టి ఇస్తారు. అది న్యాయమే. కానీ దర్యాప్తు నడుస్తోంది కాబట్టి మొత్తం ఫైలే ఇవ్వం అనడం కుదరదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

మన సమాచార హక్కు చట్టం కూడా ఇదే దారి. 2005 చట్టం, పది రూపాయల రుసుం, ముప్పై రోజులు, కారణం చెప్పక్కర్లేదని 6(2) సెక్షన్‌లో ఉంది. దర్యాప్తుకి అడ్డం వస్తుందనే మినహాయింపు 8(1)(హెచ్)లో ఉంది. దర్యాప్తు పెండింగులో ఉందన్న ఒక్క ముక్కతో తిప్పికొట్టడం చాలదు, ఎలా అడ్డం వస్తుందో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే అంది. ఎఫ్ఐఆర్‌ల సంగతిలో మనవాళ్ళు ఇక్కడివాళ్ళకన్నా ముందున్నారని నా అభిప్రాయం. 2016లో సుప్రీంకోర్టు, సున్నితమైనవి తప్ప, ఎఫ్ఐఆర్‌ని 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలంది. నెట్ సరిగా లేని మారుమూల చోట్లకి 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. తెలంగాణ, ఆంధ్ర పోలీసుల సైట్లలో మీరే చూసుకోవచ్చు. ఇక్కడ పల్లె కౌంటీల్లో చాలాచోట్ల ఇంకా గురువారం వచ్చే ఆవిడ కోసం ఎదురుచూడాల్సిందే.

ఆమెని తప్పు పట్టడానికి అనడం లేదు. అంత పెద్ద కౌంటీకి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత స్టాఫ్. ఫోనెత్తేది ఆమే, జీతాల లెక్క ఆమే, రికార్డులూ ఆమే. దానికి తోడు ఊరు చిన్నది. నువ్వు అడిగే రిపోర్టు ఆమె చిన్నాన్న కొడుకు గురించి కావచ్చు. నువ్వు అడిగావన్న సంగతి సాయంత్రానికి చర్చిలో తెలిసిపోవచ్చు. పట్నంలో అడగడానికి ఓపిక చాలు, పల్లెలో కాస్త మొండితనం కావాలి. ఒక గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి. 2020 చట్టం ప్రకారం ఇక్కడ షెరీఫ్ డిప్యూటీలు కూడా బాడీ కెమెరా పెట్టుకోవాలి. ఆ వీడియో కనీసం 120 రోజులు ఉంచాలి. ఆ తర్వాత ఉంచుతారన్న హామీ లేదు. నాలుగు నెలలయ్యాక అడుగుదాంలే అనుకుంటే అప్పటికి చెరిపేసి ఉండొచ్చు. 1881 పంచనామాలో ఏముందో నేటికీ చదవొచ్చు, ఆరు నెలల కిందటి వీడియో ఉంటుందో లేదో చెప్పలేం.

పెట్టెల గురించి ఇంకొక్క చిన్న విషయం. బిల్లీని చంపిన పాట్ గారెట్‌ని కూడా 1908 ఫిబ్రవరి 29న లాస్ క్రూసెస్ దగ్గర కాల్చేశారు. వేన్ బ్రేజెల్ అనే అతను నేనే చంపానన్నాడు, ఆత్మరక్షణకన్నాడు, విడుదలయ్యాడు. అసలు చంపింది వేరేవాళ్ళని కథలు. ఆ శవపంచనామా కాగితం డోన్యా ఆనా కౌంటీ క్లర్కు ఆఫీసులో, ఏ సంబంధమూ లేని పాత రికార్డుల పెట్టెలో, శతాబ్దం పైన పడి ఉండి, పదేళ్ళ కిందట ఆ చుట్టుపక్కల బయటపడింది. ఆ ఆఫీసులో పనిచేసే ఆవిడే సర్దుతుంటే చూసింది. చేతిరాత. బ్రేజెల్ కాల్చిన గుండ్ల వల్ల చనిపోయాడని ఉంది. ఎవరూ దాచలేదు, ఎవరూ చింపలేదు. తప్పు పెట్టెలో పెట్టారంతే.

నా దుప్పి సంగతి చెప్పి ముగిస్తాను. కింద నుంచి మా కామేశ్వరి గారు గడియారం చూపిస్తున్నారు. (నవ్వులు)

ఆ "ఎందుకు నీకు" దగ్గర నేను రెండు వారాలు తగ్గి, తర్వాత చట్టం చదువుకుని, తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి, తేదీ వేసి ఇచ్చాను. పన్నెండో రోజున పిలిచారు. రెండు పేజీలు. నిలబడే చదివాను. టైము సరిగ్గా ఉంది, మైలురాయి నంబరు సరిగ్గా ఉంది, వాతావరణం పొడి అని ఉంది. కారు పడమటికి వెళుతోందని రాశారు. నేను తూర్పుకి వెళుతున్నాను, ఇంటికి. జంతువు వివరం దగ్గర 'జింక' అని ఉంది. ఇది జింక కాదండీ, ఎల్క్ అన్నాను. ఆవిడ అద్దంలోంచి నన్ను చూసి, "ఆ డిప్యూటీ టెక్సాస్ నుంచి వచ్చాడులే" అంది. అనుబంధ రిపోర్టు వేయించడానికి ఇంకో గురువారం పట్టింది. ఇన్సూరెన్సు వాళ్ళు దిక్కు గురించి అడగలేదు, జంతువు గురించీ అడగలేదు. నేనే ఊరుకోలేకపోయాను.

రెండు డాలర్లు తీసి కౌంటర్ మీద పెట్టాను. రసీదు పుస్తకం కోసం రెండు సొరుగులు వెతికింది, దొరకలేదు. వెళ్ళు, వెళ్ళు అని చెయ్యి ఊపింది.